ఎడమ చెంప మీద ముద్ర

యంత్రానికి ప్రారంభోత్సవం జరిగిన మర్నాడు ఆ విశ్వవిద్యాలయంలో పనిచేసే నాలుగువందల పన్నెండు మంది ఉద్యోగులూ ఒక్కుమ్మడిగా గైర్హాజరయ్యారు. అందరూ వచ్చారు, ఆ మాట వేరే. పదిన్నరకల్లా ఎవరి కుర్చీల్లో వాళ్ళున్నారు, క్యాంటీన్లో ఇడ్లీలు కూడా అయిపోయాయి. కానీ ప్రధాన భవనం గుమ్మంలో గోడకి బిగించిన ఆ హాజరు యంత్రం ముందు ఒక్కొక్కరూ నిలబడి, జుట్టు సర్దుకుని, ఫొటోకి పెట్టినట్టు మొహం పెట్టినప్పుడల్లా అది తేరిపార చూసి, తియ్యటి ఆడగొంతుతో, "గుర్తించబడలేదు. మళ్ళీ ప్రయత్నించండి" అంది. మళ్ళీ ప్రయత్నించారు. మళ్ళీ అదే మాట.

ముప్పై రెండేళ్ళుగా అదే గుమ్మంలోంచి వస్తున్న తెలుగు శాఖ ప్రొఫెసరు గారికి చిర్రెత్తుకొచ్చింది. "ఇంతోటి మొహాన్ని గుర్తుపట్టడానికి నీకేం మాయరోగం?" అని యంత్రాన్ని నలుగురి ముందూ కడిగేశారు. యంత్రం ఓపిగ్గా విని, మళ్ళీ ప్రయత్నించమంది.

ఈ రభసంతా ఒక స్తంభం పక్కన నిలబడి చూస్తున్న మనిషి గొర్లె కుసుమ. ఆ యంత్రానికి చూపు నేర్పింది ఆవిడే. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల, పలాస నుంచి వచ్చింది. వాళ్ళమ్మ అక్కడ జీడిపప్పు ఫ్యాక్టరీలో గింజలు ఒలుస్తూ, "మా గుంట మిషన్లకి చదువు సెప్తాది" అని పక్కనున్న వాళ్ళందరికీ చెప్పుకుంటూ ఉంటుంది. ఆ ఉదయం ఆ మిషనుకి వచ్చిన చదువు చూసి కుసుమ స్తంభం వెనక్కి జరిగింది.

కుసుమ పనిచేసే చోటు పేరు విశ్వవిద్యాలయ పరిశ్రమ భాగస్వామ్య యంత్రాభ్యాస పరిశోధనా సమన్వయ కేంద్రం. బోర్డు గది కంటే పొడుగు, అందుకని చివరి రెండు మాటలూ వరండా మలుపు తిరిగాక వస్తాయి. సగం విశ్వవిద్యాలయానిది, సగం కంపెనీది. కంపెనీ పేరు చెప్పను, వాళ్ళ వకీళ్ళు మహా చురుకైనవాళ్ళు. ఆ కేంద్రంలో పరిశోధకుల పోస్టులు మూడని పేపర్లో ప్రకటన ఇచ్చి, రెండింటికి తగినవాళ్ళు దొరకలేదని ఖాళీగా ఉంచి, మూడోదాంట్లో కుసుమని పెట్టి, ముగ్గురి పనీ ఆవిడకే అప్పజెప్పారు. పదకొండు నెలల కాంట్రాక్టు. పని బాగుంటే ఇంకో పదకొండు నెలలు. ఆవిడ పీహెచ్‌డీ ఆ పోస్టుకే ముడిపడి ఉంది. పోస్టు పోతే రిజిస్ట్రేషను రద్దు, నాలుగేళ్ళ చాకిరీ గంగపాలు. థీసిస్ పూర్తికావడానికి ఆవిడకి కావలసింది సరిగ్గా ఇంకో పదకొండు నెలలు. అంతకన్నా ఆవిడ ఎవర్నీ ఏమీ అడగలేదు.

ఇంతకీ యంత్రం ఎందుకిలా తయారైందో తెలియాలంటే ఫొటోల సంగతి చెప్పాలి.

మొహాలు గుర్తుపట్టడం నేర్పాలంటే యంత్రానికి బోలెడు ఫొటోలు చూపించాలి. కుసుమ రెండు వారాలు సెల్‌ఫోను పట్టుకుని క్యాంపసంతా తిరిగింది. ఎండలో, నీడలో, నవ్వుతూ, ఆవలిస్తూ, మనిషికి ఇరవై చొప్పున ఫొటోలు తీసింది. వాటిని రికార్డుల కోసం రిజిస్ట్రార్ ఆఫీసుకి పంపితే మూడోరోజుకి కట్ట కట్టినట్టుగానే తిరిగొచ్చాయి. పైన ఒక చీటీ: "ధ్రువీకరణ లేని ముఖములు స్వీకరింపబడవు."

రిజిస్ట్రార్ మార్కండేయులు గారు రూలు పుట్టాక పుట్టిన మనిషి. విశ్వవిద్యాలయంలోకి ఏ ఫొటో రావాలన్నా గెజిటెడ్ ఆఫీసరు దానిమీద గుండ్రటి ముద్ర వేసి, ఆకుపచ్చ సిరాతో సంతకం చేసి, కింద వరస నంబరు వెయ్యాలి. ముద్ర సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడాలి. కంపెనీతో రాసుకున్న ఒప్పందంలో కూడా "విశ్వవిద్యాలయము ధ్రువీకృత సమాచారమును మాత్రమే అందజేయును" అని ఆయన స్వయంగా రాయించారు. కాబట్టి ఎనిమిదివేల రెండువందల నలభై ఫొటోలూ అచ్చువేయించి, కాగితాల మీద అంటించి, ఇద్దరు డిప్యూటీ రిజిస్ట్రార్లు పద్ధెనిమిది రోజులు కూర్చుని ముద్రలు వేశారు. ప్రతి ఉద్యోగి ఎడమ చెంప మీదా గుండ్రంగా ఊదారంగు ముద్ర, దాని కింద ఆకుపచ్చ నంబరు. వాటిని మళ్ళీ స్కాన్ చేయించి కుసుమకి ఇచ్చారు.

"సార్, ఇలా అయితే మొహం సరిగా కనపడదు" అని కుసుమ కేంద్రం సమన్వయకర్త ప్రొఫెసర్ విద్యాధరరావు గారి దగ్గర మొత్తుకుంది.

"చూడమ్మా, డేటా అనేది వాస్తవ ప్రపంచాన్ని ప్రతిబింబించాలి. మన వాస్తవ ప్రపంచంలో ముద్రలు ఉంటాయి" అన్నారాయన. ఆ వాక్యం ఆయనకి ఎంత నచ్చిందంటే, తర్వాత ఒక జాతీయ సదస్సులో కూడా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు.

పరీక్ష చేస్తే యంత్రం నూటికి నూరు మందినీ గుర్తుపట్టింది. మరి పరీక్షకి ఇచ్చినవీ ముద్ర వేసిన ఫొటోలే. సాఫల్య పత్రం కంపెనీకి వెళ్ళింది, మంత్రిగారొచ్చి రిబ్బను కత్తిరించారు, మర్నాడు నాలుగువందల పన్నెండు మంది గైర్హాజరయ్యారు.

కారణం కనిపెట్టింది ఒక దోమ.

రికార్డు అసిస్టెంటు పైడిరాజుకి ఇంకో రెండేళ్ళలో రిటైర్మెంటు. ముద్రలూ, సిరా పెట్టెలూ ఆయన సంరక్షణలో ఉంటాయి. నాలుగోరోజు మధ్యాహ్నం ఆయన ముద్ర చేత్తో పట్టుకుని గుమ్మం దాటుతుంటే ఎడమ చెంప మీద దోమ వాలింది. ఉన్నపళంగా ఫట్టుమని కొట్టుకున్నాడు. చేతిలో ముద్ర ఉన్న సంగతి మర్చిపోయాడు. దోమ చచ్చింది. యంత్రం ఒక్కసారి గొంతు సవరించుకుని, "స్వాగతం, రిజిస్ట్రార్ మార్కండేయులు గారూ" అంది.

"ఓలమ్మో! నాను కాదు బాబో!" అని పైడిరాజు ముద్ర అక్కడే పడేసి పరుగు.

కుసుమ వెంటబడి ఆయన్ని మెట్ల దగ్గర పట్టుకుంది. చెంప చూసింది.

"బాబాయ్, అది తుడవకు. రిజిస్టర్లో నీ నంబరెంత?"

"మూడొందల డెబ్బై ఏడు. ఏటమ్మా, నా ఉద్యోగం పోతాదేటి?"

కుసుమ ఆకుపచ్చ పెన్ను తీసి ముద్ర కింద 377 అని రాసి, భుజాలు పట్టుకుని యంత్రం ముందుకి తోసింది.

"స్వాగతం, పైడిరాజు గారూ."

యంత్రం ఒక్కరి మొహం కూడా నేర్చుకోలేదు. ముద్ర నేర్చుకుంది, నంబరు నేర్చుకుంది. నంబరు లేకపోతే ఒకటో నంబరు అనుకుంటోంది, అది రిజిస్ట్రార్ గారిది. ముక్కూ కళ్ళూ దాని లెక్కలో కాగితం కిందే జమ. కుసుమ అక్కడే మెట్ల మీద కూలబడి పగలబడి నవ్వింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది, అది ఎందుకో పైడిరాజుకి అర్థం కాలేదు.

"మరేటి, బాగుసేసీలేవా?" అన్నాడు.

"మూడు వారాలు చాలు బాబాయ్. ముద్రల్లేని ఫొటోలు నా దగ్గరే ఉన్నాయి. సరేనంటే చాలు."

సరేనని ఎవరంటారు? మర్నాడు రిజిస్ట్రార్ గారి గదిలో అత్యవసర సమావేశం. కుసుమ లేచి జరిగిందంతా వివరంగా చెప్పింది. యంత్రం పొరపాటు నేర్చుకుందనీ, మళ్ళీ మొదటినుంచీ నేర్పాలనీ అంది.

మార్కండేయులు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "పొరపాటు అను పదము మినిట్స్ నందు వ్రాయవలదు. సాఫల్య పత్రము వెళ్ళియున్నది. యంత్రమేమి చేసినది? ధ్రువీకరణ లేని ముఖములను నిరాకరించినది. యాభై ఏళ్ళుగా ఈ కార్యాలయమూ అదియే చేయుచున్నది. అందు దోషమెక్కడ?"

"నిజానికి ఇదొక మౌలిక ఆవిష్కరణ" అన్నారు విద్యాధరరావు గారు. "ఒక యంత్రం తనంతట తాను ఒక సంస్థ యొక్క పరిపాలనా సంస్కృతిని ఆకళింపు చేసుకోవడం! దీనిమీద ఒక పేపరు రాయాలి."

కంపెనీ తరఫున అన్వేష్ అనే కుర్ర మేనేజరు వచ్చాడు. ఆయన ల్యాప్‌టాప్ మూత సగం దించి, "చూడండి సార్, మోడల్‌ని మారిస్తే మా టైమ్‌లైన్ మొత్తం డిస్టర్బ్ అవుతుంది. దానికంటే యూజర్లని మోడల్‌కి అలైన్ చెయ్యడం ఈజీ. నాలుగువందల మందేగా?" అన్నాడు.

"అంటే?" అంది కుసుమ.

అంటే ఏమిటో ఆ సాయంత్రం సర్క్యులరులో వచ్చింది. ప్రతి ఉద్యోగీ ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదిన్నర లోపల ప్రధాన ద్వారము వద్ద తన ముఖమును ధ్రువీకరింపజేసికొనవలెను. ముద్ర ఎడమ చెంప మీద పడవలెను. ఏడో అంశం విడిగా, కింద గీత గీసి ఉంది: "యంత్రము గుర్తింపని ఏ వ్యక్తితోనూ ఈ కార్యాలయము ఎట్టి ఉత్తర ప్రత్యుత్తరములూ జరుపదు, ఎట్టి ఉత్తర్వులూ అందజేయదు." పాలకమండలి దాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. భాగస్వామ్యం సాధించిన విజయాల్లో మొదటిదిగా కంపెనీ దాన్ని తమ వార్షిక నివేదికలో అచ్చేసుకుంది.

ఆ మర్నాటి నుంచి గుమ్మం దగ్గర చూడాలి ఆ వైభవం. షామియానా కింద రెండు బల్లలు, రెండు సిరా పెట్టెలు, ఇద్దరు డిప్యూటీ రిజిస్ట్రార్లు. ముద్ర సగం కాగితం మీద పడాలన్న నియమం ఉండనే ఉంది కనక ప్రతి ఉద్యోగీ ఒక తెల్లకాగితం తెచ్చుకుని చెవి పక్కన పట్టుకోవాలి. ధబీమని ముద్ర పడేది, సగం చెంప మీద, సగం కాగితం మీద. కాగితం ఫైల్లోకి, చెంప డిపార్టుమెంటులోకి వెళ్ళేవి. డిప్యూటీలిద్దరూ ఒకరి చెంప మీద ఒకరు వేసుకునేవాళ్ళు. పాత కక్షలేవో ఉన్నాయి కాబోలు, ఆ రెండు ముద్రలూ కాస్త గట్టిగానే పడేవి.

సముద్రం పక్క ఊరు, ఉక్కపోత. మధ్యాహ్నానికి ముద్రలు కారి మెడమీదికి వచ్చేవి. సాయంత్రం వెళ్ళేటప్పుడు యంత్రం గుర్తుపట్టక సగం రోజు సెలవు పడేది. దాంతో జనం ఎడమవైపు మొహం కడుక్కోవడం మానేశారు. భోజనం కుడిదవడతోనే నమిలారు, నవ్వొస్తే కుడివైపే నవ్వారు. లైబ్రేరియన్ గారు ముద్ర చెరక్కుండా ఇంటికెళ్తే వాళ్ళావిడ, "ఏ సంతలో వేశారండీ ఇది?" అని అడిగిందట. భౌతికశాస్త్రం ప్రొఫెసరు గారికి గుబురు గడ్డం ఉంది. ఆయన నుదుటి మీద వేయించుకుంటే యంత్రం ఒప్పుకోలేదు. గడ్డముల ఉపసంఘం ఒకటి ఏర్పడి, మూడుసార్లు సమావేశమై, ఎడమవైపు మాత్రం గీయించుకోమని సిఫారసు చేసింది. ఆయన గీయించుకున్నారు. క్లాసులో పిల్లలకి ఆయన పాఠం ఏ వైపు నుంచి వినాలో తెలియలేదు.

అసలు చిక్కు ఉపకులపతి గారితో వచ్చింది. ఒక అధికారి మొహాన్ని ధ్రువీకరించాలంటే ఆయనకంటే పైవాడై ఉండాలి. క్యాంపస్‌లో ఆయనకి పైవాడు లేడు. రాజధానికి ఫైలు వెళ్ళింది, "ఎవరి చెంప? ఎందుకు?" అని అక్కణ్ణుంచి వివరణ అడిగారు. ఆ ఫైలు తిరుగుతూ ఉండగా ఉపకులపతి గారు రోజూ వస్తూ, రోజూ గైర్హాజరవుతూ వచ్చారు.

ఇన్ని అవాంతరాలు చూసి పైడిరాజు, యంత్రానికి ఎవరి దిష్టో తగిలిందని తీర్మానించుకున్నాడు. ఒక బూడిదగుమ్మడికాయ తెచ్చి, కళ్ళూ మీసాలూ గీసి, యంత్రానికి ఎదురుగా దూలానికి వేలాడదీశాడు. ముప్పై ఆరేళ్ళ సర్వీసు మనిషి, ధ్రువీకరణ లేని మొహాన్ని గుమ్మంలో వేలాడదియ్యడానికి మనసొప్పక దాని ఎడమ చెంప మీద కూడా ఒక ముద్ర కొట్టాడు. నంబరు వెయ్యలేదు. "స్వాగతం, రిజిస్ట్రార్ మార్కండేయులు గారూ" అని యంత్రం దాన్ని లోపలికి ఆహ్వానించింది. నెల తిరిగేసరికి ఆదివారాలు, రెండో శనివారాలతో సహా అన్ని రోజులూ విధులకు హాజరైన ఏకైక అధికారిగా మార్కండేయులు గారి పేరు నోటీసు బోర్డెక్కింది. ఆయన కాసేపు తనలో తాను లెక్క చూసుకుని, యంత్రం చెప్తోందంటే నిజమే అయ్యుంటుందనుకుని, శాలువా కప్పించుకున్నారు.

మరి కుసుమ? కుసుమ కూడా మొదటిరోజే తెల్లకాగితం పట్టుకుని వరసలో నిలబడింది. డిప్యూటీ రిజిస్ట్రార్ ముద్ర ఎత్తి, ఆగిపోయాడు.

"నువ్వు కాంట్రాక్టు కదమ్మా?"

"అవునండీ."

"కాంట్రాక్టు వాళ్ళకి సర్వీసు రిజిస్టరు ఉండదు. రిజిస్టరు లేనివాళ్ళ మొహం ధ్రువీకరించడానికి మాకు అధికారం లేదు. పక్కకి జరుగు."

"మరి నా హాజరో?"

"అది యంత్రాన్ని అడుగు."

ఊడ్చేవాళ్ళకీ కాపలావాళ్ళకీ కాంట్రాక్టరు పుస్తకం వేరే ఉంది. విశ్వవిద్యాలయం నేరుగా తీసుకున్న కాంట్రాక్టు మనిషి కుసుమ ఒక్కతే. నేర్పిన మనిషి మొహం తప్ప అందరి ముద్రలూ యంత్రానికి తెలుసు. కుసుమ రోజూ వచ్చేది, దాని ముందు నిలబడేది, "గుర్తించబడలేదు" అనిపించుకునేది, వెనక వరండా తలుపులోంచి లోపలికి పోయి పనిచేసుకునేది. ఆ తలుపు పైడిరాజు తీసి ఉంచేవాడు. ఒకసారి వాళ్ళమ్మ ఫోన్లో, "నీ మిషను నిన్ను సూసి ఏటంటాది?" అని ముచ్చటగా అడిగింది. "రమ్మంటుందే" అంది కుసుమ. ఫోను పెట్టేశాక ఆవిడకి చాలాసేపు ఏ పనీ తోచలేదు.

కాంట్రాక్టు పొడిగింపు సమావేశం ఆ నెలాఖరులో పడింది. అదే గది, అవే మొహాలు, ఎడమ చెంపల మీద అవే ముద్రలు. ఉపకులపతి గారు కూడా వచ్చారు, ఆయన చెంప ఒక్కటే తెల్లగా ఉంది.

మార్కండేయులు గారు ఫైలు తెరిచారు. "పొడిగింపునకు డెబ్బై ఐదు శాతము హాజరు తప్పనిసరి. యంత్రము ప్రకారము అభ్యర్థిని హాజరు సున్న. ఈ సమావేశమునకు కూడ అభ్యర్థిని హాజరు కానట్లు నమోదైనది."

"ఇక్కడే ఉన్నాను కదండీ!" అంది కుసుమ.

ఆయన ఆవిడవైపు చూడకుండా గుమాస్తాతో, "ఆ ధ్వని మినిట్స్‌లో వద్దు" అన్నారు.

"సార్, ఆ యంత్రం చేసిందే నేను!" కుసుమ బల్ల దగ్గరికి జరిగింది. "గుమ్మానికి కట్టిన గుమ్మడికాయకి నూటికి నూరు, నాకు సున్నా. మీకెవరికీ ఏమీ అనిపించట్లేదా?"

ఎవరికైనా ఏమైనా అనిపించిందేమో తెలియదు. విద్యాధరరావు గారు కిటికీలోంచి కొబ్బరిచెట్టుని చూశారు. అన్వేష్ ల్యాప్‌టాప్ మూత పూర్తిగా దించాడు. తొలగింపు ఉత్తర్వు మీద సంతకాలయ్యాయి. ముగిసే తేదీకి ముందే దాన్ని కుసుమకి అందించాలి, లేకపోతే కాంట్రాక్టు మరో పదకొండు నెలలు దానంతటదే సాగుతుందని ఒప్పందంలో ఉంది.

ఉత్తర్వు పట్టుకుని పైడిరాజు రెండడుగులు వేసి ఆగాడు. "బాబూ, సిన్న ఇసయం. మిషను గుర్తెట్టని మనిసికి ఏ కాయితం ఇవ్వకూడదని ఏడో అంశంలో తవరే రాసినారు కదా. ఈయమ్మని అది గుర్తెట్టదు. నానెలాగ ఇచ్చీడం?"

మార్కండేయులు గారు సర్క్యులరు తెప్పించుకుని ఏడో అంశం రెండుసార్లు చదివారు. అది ఆయన రాసిందే. అందులో సందు లేదు. సందు లేకుండా రాసినందుకు అప్పట్లో ఎంతో సంతోషించారు కూడా.

"సర్క్యులరు సవరిద్దాం" అన్నారెవరో.

"మా యాన్యువల్ రిపోర్టులో వచ్చేసింది సార్. ఇప్పుడు రోల్‌బ్యాక్ చెయ్యలేం" అన్నాడు అన్వేష్.

చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. చివరికి మార్కండేయులు గారే దారి కనిపెట్టారు. "యంత్రము ఈమెను గుర్తించునట్లు చేసిన యెడల, ఈమెను తొలగింపవచ్చును. అమ్మాయీ, యంత్రమునకు పునశ్శిక్షణ ఇచ్చుటకు ఎంతకాలము పట్టును?"

అంతదాకా ఆయన కంటికి ఆనని కుసుమ ఇప్పుడు ఠక్కున కనపడింది.

"మూడు వారాలండీ" అంది.

"ముగిసే తేదీకి నాలుగు వారములున్నవి. మంజూరు చేయడమైనది."

ఇంత సందు దొరికేసరికి ఉపకులపతి గారు పట్టేసుకున్నారు. నలభై రోజుల గైర్హాజరు ఆయన గుండెలో ముల్లులా ఉంది. "ఎలాగూ మళ్ళీ నేర్పుతున్నారు కనక అందరివీ ముద్రల్లేని ఫొటోలే పెట్టండి. నాది కూడా" అన్నారు.

మార్కండేయులు గారికి అది మింగుడుపడలేదు, కానీ చెప్పింది ఉపకులపతి. కాసేపు ఆలోచించి రూలు సాగదీశారు. "రెగ్యులర్ ఉద్యోగుల ముఖములు నలభై దినములుగా ప్రతిదినము ధ్రువీకరింపబడినవి. అందుచే అవి శాశ్వతముగా ధ్రువీకృతములైనవిగా భావింపవచ్చును. తమరి ముఖము తమరి హోదా చేతనే ధ్రువీకృతము. కాని ఈమె ముఖము నేటివరకు ఒక్కమారైనను ధ్రువీకరింపబడలేదు. ఈమె ఛాయాచిత్రములకు మాత్రము ముద్ర తప్పదు. అది నేనే స్వయముగా వేసెదను."

కుసుమ నోరు తెరిచింది. ముద్రల్లేని ఫొటోలే యంత్రానికి మంచివని ఆవిడ ఇదే గదిలో ఇదివరకొకసారి చెప్పింది, ఎవరూ వినలేదు. తెరిచిన నోరు మూసుకుంది.

"మీ ఇష్టమండీ. రూలు ప్రకారమే చెయ్యండి" అంది.

మర్నాడు తన ఫొటోలు ఇరవై అచ్చువేయించి పట్టుకెళ్ళింది. మార్కండేయులు గారు ఒక్కొక్కటే ముందుకి లాక్కుని, ముద్రకి ఉఫ్ మని ఊది, ఎడమ చెంప మీద శ్రద్ధగా కొట్టారు. ఆకుపచ్చ సంతకం, కింద 414. ఎక్కడైనా ముద్ర కాస్త మసకగా పడితే కుసుమే చూపించి, "ఇది సరిగా పడలేదండీ, ఇంకోసారి" అని వేయించుకుంది. పిల్ల చివరికి దారికొచ్చిందని ఆయన సంతోషపడ్డారు.

మూడు వారాలూ కుసుమ ఒళ్ళు దాచుకోకుండా పనిచేసింది. సెల్‌ఫోన్లో పడున్న పాత ఫొటోలన్నీ బయటికి తీసింది. ఆవలిస్తున్న లైబ్రేరియన్, గడ్డం మొత్తం ఉన్న ఫిజిక్స్ ప్రొఫెసరు, కొంగుతో చెమట తుడుచుకుంటున్న టైపిస్టు. ఉపకులపతి గారిని కూర్చోబెట్టి ఇరవై తీసింది, ఆయన మొదటి పదింటిలో మరీ బిగుసుకుపోయారు. ఇంతమంది మొహాలని అంత శ్రద్ధగా ఆ విశ్వవిద్యాలయంలో ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు. ఈసారి ముక్కూ కళ్ళూ నవ్వూ యంత్రం ఒక్కొక్కటిగా పట్టుకుంటుంటే ఆవిడకి సంతోషం పట్టలేదు. చివర తన ఇరవై ఫొటోలు, ముద్రలతో సహా, ఉత్తర్వులో ఉన్నవి ఉన్నట్టుగా, అందులో పెట్టింది.

ఆ సోమవారం పొద్దున్న షామియానా పీకేశారు. జనం రెండు నెలల తర్వాత రెండువైపులా మొహం కడుక్కుని వచ్చారు. కంపెనీ వాళ్ళు పూలదండలతో, కెమెరాలతో సిద్ధంగా ఉన్నారు. తెలుగు ప్రొఫెసరు గారు ముందుకొచ్చి, తిట్టడానికి తయారుగా నిలబడ్డారు. "స్వాగతం" అని పేరు పెట్టి పిలిచింది యంత్రం. తిట్టు గొంతులోనే ఉండిపోయి, ఆయన పరాయి ఊళ్ళో ఎవరో పలకరించినట్టు తబ్బిబ్బై, దానికి నమస్కారం పెట్టారు. ఉపకులపతి గారిని గుర్తుపట్టినప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముద్ర తుడిచేసిన గుమ్మడికాయ నోరెత్తకుండా వేలాడింది. మార్కండేయులు గారి మొహం కూడా అది చక్కగా పోల్చుకుంది, కాకపోతే ఆ నెల నుంచి ఆయనకి ఆదివారాల హాజరు రాలేదు.

నాలుగువందల పదమూడు మందీ ఉపకులపతి గారితో సహా లోపలికి వెళ్ళాక కుసుమ వచ్చి యంత్రం ముందు నిలబడింది. పైడిరాజు ఉత్తర్వు పట్టుకుని పక్కనే ఉన్నాడు. వెనక మార్కండేయులు గారు, విద్యాధరరావు గారు, అన్వేష్. కుసుమ ఆ పొద్దున్న మొహం రెండుసార్లు కడుక్కుని వచ్చింది.

యంత్రం చూసింది. మళ్ళీ చూసింది.

"గుర్తించబడలేదు. మళ్ళీ ప్రయత్నించండి."

"ఇదేమి?" అన్నారు మార్కండేయులు గారు. "ఈమె ఛాయాచిత్రములు ఇందు లేవా?"

"ఇరవయ్యీ ఉన్నాయండీ. మీ చేతి ముద్రతోనే" అంది కుసుమ. "అది ముద్ర ఉన్న మొహాన్నే గుర్తుపడుతుంది."

"అట్లయిన ఈమె చెంపకు ముద్ర వేయుడు!"

డిప్యూటీ రిజిస్ట్రార్ చేతులు నలుపుకున్నాడు. "సర్క్యులరులో చెంపల అంశాలు నిన్నటితో రద్దయ్యాయండీ, ఏడోది ఒక్కటే మిగిలింది. అవి ఉన్నప్పుడైనా కాంట్రాక్టు వాళ్ళకి వర్తించలేదు."

"పోనీ మరల శిక్షణ ఇప్పింపుడు!"

అన్వేష్ అప్పటికే ఫోన్లో పై వాళ్ళకి చెప్పేస్తున్నాడు. "నాలుగువందల పద్నాలుగులో ఒక్కటే మిస్ సార్! నైంటీనైన్ పాయింట్ సెవెన్ సిక్స్! ప్రాజెక్టు అయిపోయిందని క్లోజర్ రిపోర్ట్ పంపించేశాను!" విద్యాధరరావు గారు కెమెరాల ముందు నిలబడి, ఏ శాస్త్రంలోనైనా ఆ మాత్రం శేషం ఉండడం అందమని చెప్తున్నారు.

పైడిరాజు కాగితం వెనక్కి తిప్పి, గోడకి ఆనించి, నిదానంగా రాశాడు: "వ్యక్తి గుర్తించబడలేదు. అందజేయలేదు. వాపసు." సంతకం చేసి, సిరా ఆరేదాకా ఊది, మార్కండేయులు గారి చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని చూస్తూ నిలబడిపోయారు. రూలు ప్రకారం ఎక్కడా తప్పు లేదు. అదే ఆయన బాధ.

వారం తిరిగింది, తేదీ దాటింది. కాంట్రాక్టు ఇంకో పదకొండు నెలలు దానంతటదే సాగింది. రిజిస్ట్రార్ ఆఫీసు పట్టు విడవలేదు. రోజూ పొద్దున్న పైడిరాజు ఆ ఉత్తర్వు తీసుకుని గుమ్మానికి వస్తాడు, కుసుమ యంత్రం ముందు నిలబడుతుంది, అది గుర్తుపట్టనంటుంది, ఆయన వాపసు అని రాసుకుంటాడు. తర్వాత ఇద్దరూ వెనక వరండాలో టీ తాగుతారు. థీసిస్ ఐదో అధ్యాయంలో పడింది.

ఒకరోజు పైడిరాజు గ్లాసు కింద పెట్టి అడిగాడు. "అందరినీ పేరెట్టి పిలుస్తాది గదమ్మా. నిన్నే ఎవులో అన్నట్టు సూస్తాది. సేసినదానివి, కట్టంగా ఉండదా?"

"ఉంటుంది బాబాయ్" అంది కుసుమ. "రోజూ ఉంటుంది."

మర్నాడు పొద్దున్న అందరికంటే ముందొచ్చింది. గుమ్మంలో ఎవరూ లేరు. దగ్గరగా నిలబడి, మొహానికి అడ్డొచ్చిన జుట్టు వెనక్కి తీసుకుని, తను చూపు నేర్పిన ఆ కంటిలోకి సూటిగా చూసింది. అది కూడా ఆవిడని శ్రద్ధగా చూసింది.

"గుర్తించబడలేదు. మళ్ళీ ప్రయత్నించండి."

కుసుమ దాని గాజు మీద పడిన దుమ్ముని కొంగుతో తుడిచింది.

"ఇంకో తొమ్మిది నెలలు," అంది, "ఆ మాట మీదే ఉండు తల్లీ."